అంగడి గుమాస్తా: పూర్వాపరములు

ఉప్పలు నుండి మా పోచారము ప్రక్కగా వరంగల్లునకు బోవు రాజమార్గమున కిరువైపుల నిప్పుడు పెద్దపెద్ద యంగళ్లు వెలసినవి. వానిలో బనికి జేరుటకు చుట్టుప్రక్కల పల్లెల పిల్లలు వచ్చుచున్నారు. "పంతులుగారూ, మావాడు ఇంటరు చదివినాడు. దుకాణములో నిలువబడి సరుకు చూపించుట యొక ఉద్యోగమేనా? అందు పైకి వచ్చుట యనునది కలదా?" యని పెద్దలు నన్నడుగుచుందురు. దీనికి బదులు చెప్పుటకు ముందు ఆ వృత్తి నడచి వచ్చిన త్రోవను గొంత చూడవలసియున్నది.

గుమాస్తా యనునది పారసీక పదము. నియోగింపబడినవాడని దాని యర్థము. ఈస్టిండియా కంపెనీ కాలమున గుమాస్తా సామాన్యుడు కాడు. నేతవారికి బయానాలిచ్చి, గడువునకు బట్టలు వసూలు చేయువాడు. సాలెవారు వానిని జూచి జంకెడివారు. అట్టి పేరే దిగి దిగి, తుదకు కిరాణాకొట్టులో చాపమీద గూర్చుండి పద్దులు వ్రాయు పేదవానికి దక్కినది. మాటలకును గ్రహదశలు గలవు కాబోలు!

అంగడికి వలయు విద్య పూర్వము వీధిబడిలోనే మొదలయ్యెడిది. 1823లో బళ్లారి కలెక్టరు కాంబెల్ తన జిల్లా బడులను గూర్చి ప్రభుత్వమునకు నివేదిక వ్రాసెను. అం దాయన లెక్కించిన బడులు 533; వానిలో తెలుగు బడులు 226. ఇసుకలో వ్రేలితో దిద్దుట, పెద్దపిల్లలు చిన్నవారికి జెప్పుట అను పద్ధతుల నాయన వర్ణించెను. ఎక్కములు కంఠస్థమైన పిల్లవానిని దండ్రి తీసికొనిపోయి షావుకారున కప్పగించెడివాడు.

అక్కడ మొదటిపని ఊడ్చుట, నీళ్లు చల్లుట, దీపము పెట్టుట. పిమ్మట పొట్లము కట్టుట. ఇది చిన్నపని యనుకొనరాదు: కాగితము చినుగరాదు, పప్పు కారరాదు, దారము వృథా కారాదు. తరువాత త్రాసు చేతికి వచ్చును. అటుపై బాకీల వసూలు. ఏ యింటివారు పంట రాగానే యిత్తురో, ఎవరు పిలిచినను బలుకరో యెరిగినవానికి సగము వర్తకము వచ్చినట్లే. ఆ పిమ్మట చిట్టా, ఆవర్జా. అన్నిటికి మీదిమెట్టు గల్లాపెట్టె తాళపుచెవి. తొలియేండ్లలో జీతము పేరునకే, తిండియు బట్టయు దక్కిన జాలును.

నిజాము రాష్ట్రమున నింకొక చిక్కుండెడిది. ఇక్కడ హాలీ సిక్కా, సికింద్రాబాదు దండులో ఇంగ్లీషువారి కల్దారు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానము. నూరు కల్దారుల సరుకునకు హాలీలో 116 రూపాయల 10 అణాల 8 పైలు చెల్లింపవలెను. ఈ లెక్కను నోట జెప్పగలవాడు అంగడిలో నెంతకాలము పొట్లములు కట్టుచుండును? మా తండ్రుల తరమువారికి ఇట్టి విద్యయే బ్రతుకుదెరువు. 1957 ఏప్రిలు 1న దశాంశ నాణెములు వచ్చినపిమ్మట నా ప్రజ్ఞకు బని తగ్గినది.

పనివాడుగా మొదలిడి పైకి వచ్చినవారిలో మన తెలుగువారు మరువరానివాడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. 1867లో కృష్ణాజిల్లాలో జన్మించిన యీయన, మదరాసులో జదువు ముగించి, చిన్న వ్యాపారము చేసి, కలకత్తాకు బోయి మందుల వ్యాపారములో బనిచేసెను. ఔషధములు తయారగు తీరు, అమ్ముడుపోవు తీరు అక్కడ గ్రహించెను. పిమ్మట బొంబాయిలో నొక ఆఫీసులో గొలువు. 1893లో అక్కడనే అమృతాంజనము నెలకొల్పెను. ఆ లాభముతోనే 1908లో ఆంధ్రపత్రిక బయలువెడలెను. 1914లో మదరాసునుండి దినపత్రిక యయ్యెను. 1924లో భారతి పుట్టెను. ఆయన కలకత్తాలో సంపాదించినది జీతముకంటె వ్యాపారమర్మమే యని నా తలంపు.

ఐనను పాతపద్ధతిని పొగడి యూరకుండుట న్యాయము గాదు. ప్రొద్దున తలుపు తీసినది మొదలు రాత్రి తాళము వేయువరకు గుమాస్తాకు విశ్రాంతి యుండెడిది కాదు. 1942లో వారపు సెలవుల చట్టము వచ్చెను. అదియును ప్రభుత్వము ప్రకటించిన చోటులకే. 1947లో మదరాసు రాష్ట్రమునను, 1951లో హైదరాబాదు రాష్ట్రమునను దుకాణముల చట్టములు పుట్టెను. ఆంధ్రప్రదేశమంతటికి 1966లో నొకటి, దాని స్థానమున 1988లో మరియొకటి వచ్చెను. వారమునకు 48 గంటల పని, ఒకదినము సెలవు అను హద్దు లీ చట్టములవలననే స్థిరపడినవి. నిలువుగాళ్ల కష్టము మాత్రము చాలకాలము ఎవరికిని బట్టలేదు. ఇంగ్లండులో 1899లోనే ముగ్గురు స్త్రీపనివారి కొక ఆసనమైన నుండవలెనని శాసించిరి. మన దక్షిణదేశమున గూర్చుండు హక్కు కేరళమున 2018లో, తమిళనాట 2021లో వచ్చెను. ఒక పీట వేయుటకు నూటయిరువదియేండ్లు!

ఇక నేటి యంగళ్లు. 2001లో బిగ్ బజారు కలకత్తా, బెంగుళూరులతోపాటు మన హైదరాబాదునను దెరువబడినది. అట్టి చోట లెక్క యంత్రము చేయును, ధర గీతలలో నుండును. సరుకు ఎక్కడ కొనిరో, ఎంతకు గొనిరో అమ్మువానికి దెలియదు. మెట్లు మాత్రము స్పష్టముగా నున్నవి: సహాయకుడు, అమ్మకపువాడు, జట్టునాయకుడు, విభాగాధికారి, అంగడి మేనేజరు. పాతకాలమున నట్టి వరుస లేదు. షావుకారు దయయే మెట్టు. కాని సంస్థయే కూలిన మెట్లెక్కడివి? బిగ్ బజారు నడపిన సంస్థ అప్పులలో మునుగగా, 2022లో దాని యంగళ్లనేకము పరహస్తగతమయ్యెను.

అందుచేత నన్నడిగిన పెద్దలకు నే జెప్పునది యిది. పిల్లవానిని బంపుడు, పంపవద్దనను. జీతమెంత యని యడుగుటతో నాపక, నియామకపత్ర మిత్తురా, భవిష్యనిధి కట్టుదురా యని యడుగుడు. ఇరువదిమంది గల సంస్థ కది విధి. సంవత్సరము గడచినపిమ్మట వానిని గోదామునకు, కొనుగోలునకు, పద్దులకు మార్చుదురా యని యంతకంటె ముఖ్యముగా నడుగుడు. లేదనినచో, రెండేండ్లకు మించి యచ్చట నుంచకుడు. ఆలోపల సాయంకాలపు తరగతిలో పద్దులు వ్రాయుట నేర్పింపుడు.