వర్ణపరీక్షా చరిత్రము
1875 నవంబరులో స్వీడనుదేశమందలి లాగర్లుండా యొద్ద రెండు రైళ్లు ఎదురెదురుగా నొండొంటిని దాఁకి తొమ్మండ్రు మృతులైనప్పుడు, ఉప్సాలా విశ్వవిద్యాలయమున శరీరధర్మశాస్త్రాచార్యుఁడగు హోల్మ్‌గ్రెన్, ఎఱుపు పచ్చల భేద మెఱుంగని కన్నులే యిందులకు హేతువు కావచ్చునని తలంచి, పలువన్నెల ఉన్నినూలు చిలపలను పోగువోసి, తాను చూపినదానికి సరియైన ఛాయలను ఏఱుమని రైల్వే యుద్యోగులను పరీక్షింపసాగెను. రంగు పేరు చెప్పుమనక ఏఱుమనుటలోనే యాతని ప్రజ్ఞ యంతయు నున్నది. ఏలయన వర్ణాంధుఁడు పేర్లను వల్లించి పరులను, ఒక్కొక్కప్పుడు తన్నుఁ దానును గూడ, ఏమార్పఁగలఁడు. 1917లో జపాను వైద్యుఁడు ఇషిహారా వర్ణాంధతను పరీక్షించు చుక్కల ఫలకములను ప్రకటించెను. మన దేశమున లారీ, బస్సు డ్రైవర్లు లైసెన్సునకై తేవలసిన వైద్యధ్రువపత్రమునందును, పగటివెలుఁగున 25 మీటర్ల దూరమునుండి మోటారు నంబరు పలకను గుర్తింపఁగలఁడా యను ప్రశ్నతోపాటు, ప్రాణరక్షకమైన యా ఎఱుపు పచ్చల ప్రశ్నయు 2020 వఱకు నుండెను.