ఎకరం డెబ్బై ఆరు సెంట్లు

మా డెల్టాలో ఆడపిల్ల వీధిలో పరిగెత్తినా ఎవరూ ఏమీ అనని రోజు ఏడాదికి ఒక్కటే ఉండేది. అట్లతద్ది. కోడికూతకి ముందే లేచి, గోంగూర పచ్చడితో, గడ్డపెరుగుతో చద్దన్నం తిని, చీకట్లోనే దాగుడుమూతలు, చెమ్మచెక్కలు, ఉయ్యాలలు. తెల్లగా తెల్లారేసరికి ఆట చాలించి అట్ల పని చూసుకోవాలి. ఆ ఒక్క పూట స్వేచ్ఛని ఏడాది పొడవునా లాగడానికి ఒక ఉద్యోగం పుట్టింది. దాని పేరు లేడీ పి.డి. ఈ గోదావరి జిల్లాల్లో మహిళా కాలేజీ ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసి రిటైరైనదాన్ని నేను.

రిటైరయ్యాక నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడమ్ గారూ, మన అమ్మాయిలు కబడ్డీ ఆడతారు, బాల్ బ్యాడ్మింటన్ ఆడతారు. ఫుట్‌బాల్ ఎందుకు ఆడరండీ?" చాలామంది జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు: మన పిల్లలకి అంత దమ్ము ఉండదని. ఊడ్పుల్లో పొద్దంతా నడుము వంచి పనిచేసే తల్లుల కడుపున పుట్టిన పిల్లలకి దమ్ము లేదంటే నాకు నవ్వొస్తుంది. అసలు జవాబు మా ఉద్యోగం చరిత్రలో ఉంది.

ఈ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు వ్యాయామ విద్య అంటే మద్రాసు వై.ఎం.సి.ఎ. కాలేజీయే. హ్యారీ క్రో బక్ అనే అమెరికా ఆయన 1920లో దాన్ని మొదలుపెట్టాడు. అక్కడ ట్రైనింగైనవాళ్లే జిల్లాల్లో డ్రిల్లు మాస్టార్లయ్యారు. ఆడవాళ్లకి అందులో సీటు దొరకడానికి ఇరవయ్యేళ్లు పట్టింది, 1940 దాకా. అంటే 1874లోనే ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టించిన కందుకూరి వీరేశలింగం గారి గడ్డ మీద, చదువు చెప్పే పంతులమ్మ వచ్చాక చాలా కాలానికి గాని ఆట నేర్పే పంతులమ్మ రాలేదు.

నేను ట్రైనింగైంది హైదరాబాదు దోమలగూడలో. అక్కడ ఫుట్‌బాల్ మాటొస్తే రహీం సాహెబు పేరు రాకుండా పోయేది కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం. 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, మూడూ ఆయన శిక్షణలో వచ్చినవే. ఆయనా మొదట బడిపంతులే. అయితే ఆ చరిత్రంతా మగవాళ్లది. మన దేశంలో మహిళల జాతీయ ఫుట్‌బాల్ పోటీలు మొదటిసారి జరిగింది 1975లో, లక్నోలో. నాలుగైదేళ్లు తిరక్కుండా కాలికట్‌లో జరిగిన ఆసియా మహిళల పోటీల్లో మనవాళ్లు రన్నరప్‌గా నిలిచారు. ఆట పుట్టిన ఇంగ్లండులోనేమో 1921 డిసెంబరులో అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఆడవాళ్లకి తమ క్లబ్బుల మైదానాలు ఇవ్వొద్దని ఉత్తర్వు వేసి, దాదాపు యాభై ఏళ్లు దాన్ని ఎత్తనేలేదు. వాళ్లు ఆడనివ్వం అనలేదు, నేల ఇవ్వం అన్నారు. అది చాలు.

మాకు అలాంటి ఉత్తర్వు ఎవరూ వెయ్యలేదు. అవసరం లేకపోయింది. గోదావరి లెక్కలో, అంటే సెంట్లలో, చెబుతాను. రింగు ఆటకి, అదే టెన్నికాయిట్‌కి, సెంటున్నర పైచిలుకు నేల చాలు. షటిల్‌కి రెండు సెంట్లు. ఆడపిల్లల కబడ్డీకి పన్నెండు మీటర్లు ఇంటూ ఎనిమిది, రెండున్నర సెంట్లయినా లేదు. వాలీబాల్‌కి నాలుగు, బాల్ బ్యాడ్మింటన్‌కి ఏడు. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉండే ఫుట్‌బాల్ మైదానానికి ఎకరం డెబ్బై ఆరు సెంట్లు కావాలి. గీత బయట పరిగెత్తే జాగా, చూసే జనం నిలబడే జాగా దీనికి అదనం. ఒక ఫుట్‌బాల్ మైదానంలో డెబ్భైకి పైగా కబడ్డీ కోర్టులు పడతాయి.

1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసినప్పటి నుంచి ఇక్కడ ఖాళీ నేల అన్న మాటకి అర్థం మారిపోయింది. నీరు పారితే సార్వా, దాళ్వా రెండు పంటలు. భీమవరం వైపు ఆ తర్వాత చేపల చెరువులు. పంటో చెరువో కాని ఎకరం దండగన్నట్టు చూసే చోట, ఆడపిల్లలు బంతి తన్నడానికి ఎకరం ముప్పాతిక ఎవరు వదులుతారు?

ఉన్న నేల కూడా మనం చెప్పిన మాట వినదు. మాది నల్లరేగడి. జూన్‌లో కాలేజీ తెరిచేసరికి వానలు మొదలవుతాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో యూనివర్సిటీ సెలెక్షన్లు దగ్గర పడుతుంటే గ్రౌండులో మడమ దిగిపోయేది. వేసవిలో కాలువలు కట్టేశాక ఊళ్లో చేలన్నీ ఎండి, ఎక్కడ చూసినా మైదానమే. మగపిల్లలు వికెట్లు పాతేసేవాళ్లు. మా అమ్మాయిలు అప్పుడు పరీక్షల్లో ఉండేవాళ్లు, అవయ్యాక ఇళ్లకి పోయేవాళ్లు. నేల ఉన్నప్పుడు పిల్లలు లేరు, పిల్లలున్నప్పుడు నేల లేదు. చిన్న కోర్టుకి ఆ బాధ లేదు. నాలుగు బండ్ల ఇసక తోలించి, రోలరు లాగి, సున్నంతో గీతలు వేస్తే రెండో రోజుకి ఆట సాగేది. సున్నం గీత వంకర పోకుండా వెయ్యడం మాత్రం నేను నేర్పక్కర్లేదు, ధనుర్మాసం ముగ్గులు వేసిన చేతులవి.

బస్సు సంగతి వేరే చెప్పాలి. మా పిల్లల్లో సగం మంది పల్లెల నుంచి వచ్చేవాళ్లు. సాయంత్రం బస్సు తప్పితే ఇంట్లో రామాయణమే. కోనసీమలో కొందరికి బస్సు దిగాక పంటు కూడా ఎక్కాలి. యానాం ఎదుర్లంక వారధి 2002లో గాని రాలేదు. అందుకే మా ప్రాక్టీసు ఎప్పుడూ కాలేజీ వదిలాక దొరికే ముప్పావు గంటే. అంతలో ఇద్దరిద్దరు చొప్పున రింగు ఆడించొచ్చు, రెండు జట్లని కబడ్డీకి దించొచ్చు. ఇరవై రెండు మందిని పోగేసి తొంభై నిమిషాల ఆట ఆడించలేం.

ఇక బట్టలు. నేను చేరిన కొత్తలో ఓణీ కొంగు నడుముకి దోపుకుని ఆడేవాళ్లు. పోటీలకి పంపమని ఇళ్లకి వెళ్లి బతిమాలేదాన్ని. ఒక తండ్రి కాఫీ ఇచ్చి మరీ చెప్పాడు: "ఆయ్, మీ మాట కాదంటామా మేడమ్ గారూ, పంపుతామండీ. ఆ నిక్కరు మాత్రం వద్దండీ." మేం ట్రాకు ప్యాంటు దగ్గర రాజీ పడ్డాం. 2000 సెప్టెంబరులో కరణం మల్లీశ్వరి సిడ్నీలో కాంస్యం ఎత్తాక అలాంటి ఇళ్లలో నా పని సగం తగ్గింది. శ్రీకాకుళం పిల్ల బొమ్మ పేపర్లో మొదటి పేజీలో పడితే, ఇక్కడి తండ్రులకి నిక్కరు కనబడలేదు, పతకం కనబడింది.

ఇదే కాలంలో అమెరికాలో ఏం జరిగిందో చూడండి. 1972లో వాళ్లొక చట్టం చేశారు, టైటిల్ నైన్ అంటారు. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ విద్యాసంస్థా ఆడ, మగ తేడా చూపకూడదని దాని సారం. ఆటలకీ అది వర్తించింది. కాలేజీలు మహిళల జట్లు పెట్టక తప్పలేదు, జట్లకి కోచ్‌లని పెట్టక తప్పలేదు. నార్త్ కరొలైనా యూనివర్సిటీలో ఆన్సన్ డోరెన్స్ అనే ఆయన 1979లో మహిళల ఫుట్‌బాల్ జట్టుకి కోచ్ అయ్యి, 2024లో గాని దిగలేదు. ఆయన జట్లు 22 సార్లు జాతీయ కాలేజీ ఛాంపియన్లు. మొదట చట్టం, దాని వెనక పోస్టు, దాని వెనక జట్టు. ప్రతిభ ఆ తర్వాత బయటపడింది.

మా పోస్టు ఎలా ఉండేదంటే, కాలేజీకి ఒక్క పి.డి., అన్ని ఆటలకీ ఆమే కోచ్. పొద్దున కబడ్డీ, సాయంత్రం రింగు, జనవరిలో స్పోర్ట్స్ డే, ఆగస్టు పదిహేనుకి మార్చ్‌పాస్ట్. ప్రిన్సిపాల్ గదిలో టి.ఎ., డి.ఎ. బిల్లులు, రైల్లో పన్నెండు మంది ఆడపిల్లల కాపలా కూడా ఆమెవే. 1986 యూజీసీ స్కేళ్లతో పి.డి.కి లెక్చరరుతో సమానమైన జీతం వచ్చింది. స్టాఫ్ రూములో సమానమైన కుర్చీ రావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. ఆ తర్వాత కాలంలో ఎయిడెడ్ కాలేజీల్లో ఖాళీ అయిన పోస్టులు చాలావరకు నిండలేదు. ఇంటర్ చదువేమో అపార్టుమెంటు లాంటి బిల్డింగుల్లోకి వెళ్లిపోయింది. అక్కడ రెండు సెంట్ల జాగా కూడా స్కూటర్ల స్టాండే.

చిన్న కోర్టు మాకు తక్కువేం ఇవ్వలేదు. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి చిరాగ్ శెట్టితో కలిసి 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల బంగారం గెలిచాడు, అదే ఏడాది ప్రపంచ నంబర్ వన్ జోడీ అయ్యాడు. వాళ్ల నాన్నగారు వ్యాయామ ఉపాధ్యాయుడే. రెండు సెంట్ల ఆట, ఇంట్లో నేర్పే మనిషి. డెల్టా ఏది ఇవ్వగలదో అదే ఇచ్చింది.

ఫుట్‌బాల్ కూడా తెలుగు పిల్లలకి రానిదేం కాదు. నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య భారత జట్టుకి ఆడుతోంది, 2022లో క్రొయేషియా క్లబ్బు డైనమో జాగ్రెబ్‌కీ వెళ్లొచ్చింది. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్.డి.టి.) వాళ్లు మైదానాలు వేసి, కోచ్‌లని పెట్టి, పల్లె ఆడపిల్లలతో ఫుట్‌బాల్ ఆడిస్తున్నారు. అక్కడి పిల్లలకి మా పిల్లల కంటే రెండు కాళ్లు ఎక్కువ లేవు. నీళ్లు లేని సీమలో నేల దొరికింది, నీళ్లున్న డెల్టాలో దొరకలేదు, అంతే తేడా.

కాబట్టి ఫుట్‌బాల్ ఎందుకు ఆడరని అడిగేవాళ్లు ముందు వాళ్ల ఊరి కాలేజీకి వెళ్లి మూడు సంగతులు కనుక్కోండి: ఆడపిల్లలకి ఎన్ని సెంట్లు వదిలారు, పి.డి. పోస్టులో మనిషి ఉందా, ఆఖరి బస్సు ఎన్నింటికి. ఆ మూడింటికీ జవాబు తెస్తే, అమ్మాయిల దమ్ము సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.