సీమంతపు పళ్లెరము

గర్భవతికి చేయవలసిన సంస్కారములలో సీమంతోన్నయనమునకు గృహ్యసూత్రకారులు ఆదరముతో స్థాన మొసగిరి. ఆ క్రతువును వివరించునపుడు ఏదుముల్లును, దర్భలను, మేడిపిందెల గుత్తిని, వీణాగానమును చెప్పుకొనుట పరిపాటి. ఆనాడు పొయ్యిమీద ఉడికిన అన్నమును గూర్చి ఒక్కమాట పలికి దాటిపోవుదురు. నాకు మాత్రము ఆ అన్నమే ఆ సంస్కారమునకు ప్రాణమని తోచుచున్నది. ఏలయన, ఏదుముల్లుతో పాపట తీయుట నేడు పురోహితుడున్న యిండ్లలో సైతము నామమాత్రమైనది, వీణ యెన్నడో మూగవోయినది. కన్నతల్లి వండి తెచ్చిన పదార్థమును కూతురి యెదుట పళ్లెరమున నింపి పెట్టుట యొక్కటియే మంత్రమెఱుగని యిండ్లలోను, మంత్రము మఱచిన యిండ్లలోను చెక్కుచెదరక నిలిచియున్నది.

తెలుగుదేశపు వైదికులలో పెక్కుమంది అనుసరించు ఆపస్తంబ గృహ్యసూత్రము ఈ సంస్కారమును తొలి గర్భమున నాల్గవ మాసమందు విధించినది. భర్త భార్యను అగ్నికి పడమట తూర్పుమొగముగ కూర్చుండబెట్టి, మూడు తెల్లని మచ్చలుగల ఏదుముల్లుతోను, మూడు దర్భలతోను, పచ్చి మేడికాయల గుత్తితోను ఆమె పాపటను పైకి తీర్చును; ఇద్దఱు వైణికులు గానము చేయుదురు; ఆ గానమున తాము ఏ నది యొడ్డున కాపురమున్నారో ఆ నదిని పేరుపెట్టి స్మరింపవలెను. కృష్ణ యొడ్డువారు కృష్ణను, గోదావరి యొడ్డువారు గోదావరిని తలచుకొనుటకు ఇంతకంటె తగిన సమయ మేమున్నది? పిదప మొలకెత్తిన యవలను ఆమెకు కట్టగా, చుక్కలు పొడుచువఱకు ఆమె మౌనముగ నుండును. చుక్కలు పొడిచినంతట భర్త ఆమెతోగూడ వెలుపలికి వచ్చి దూడను ముట్టి వ్యాహృతులు జపింపగా ఆమె మౌనము విడుచును. పిందె, మొలక, దూడ: ఆనాడు ఆమెచుట్టు చేర్చినవన్నియు లేతవే, ఎదుగవలసినవే.

వంటమాట ఇతర సూత్రములలో స్పష్టముగ నున్నది. గోభిలుడు నువ్వులు కలిపి వండిన అన్నముపై నేయి పోసి గర్భిణికి చూపవలెననియు, అందులో ఏమి కనుచున్నావని భర్త యడుగగా సంతానమును కనుచున్నానని ఆమె బదులు చెప్పవలెననియు, తరువాత ఆ అన్నమును ఆమెయే భుజింపవలెననియు, చుట్టు కూర్చున్న స్త్రీలు మంగళవాక్యములు పలుకవలెననియు నిర్దేశించెను. పారస్కరుడు నువ్వులతో పెసలుకూడ చేర్చి వండిన స్థాలీపాకమును ప్రజాపతికి హోమము చేయుమనెను. మన యిండ్లలోని పెసరపప్పు పులగము దీనికి దగ్గఱి చుట్టము. గోభిలుని విధిలో నన్ను మిక్కిలి ఆకర్షించున దేమన, ఆ అన్నము మొదట కంటికి, పిదప నోటికి ఉద్దేశింపబడినది. ఆకలి తీర్చుట మాత్రమే దాని పని కాదు; రాబోవు శిశువు రూపమును ఆ పాత్రయందు ఊహించుకొని, ఆ ఊహతోపాటు కబళమును మ్రింగవలెను.

గర్భిణి కోరినది పెట్టవలెనన్న నియమమునకు ఆయుర్వేదమును బలము చేకూర్చినది. నాల్గవ మాసమునుండి ఆమెయందు రెండు హృదయము లున్నవనియు, కావున ఆమె కోరిక శిశువు కోరికయే యనియు, దానిని నిరాకరించినచో శిశువునకు వికలత్వము కలుగుననియు సుశ్రుతుడు చెప్పెను. కాళిదాసు రఘువంశమున గర్భవతియైన రాణి సుదక్షిణకు మట్టి తినవలెనను కోరిక కలిగినట్లు వర్ణించుట కవికల్పన మాత్రమే యనుకొనరాదు. వేవిళ్ల దినములలో పచ్చిమామిడి ముక్కకొఱకును, చింతకాయకొఱకును, తొలివానకు తడిసిన మట్టి వాసనకొఱకును మనసు లాగుట మన తల్లులందఱు ఎఱిగినదే.

ఇక తెలుగునాట జరిగిన మార్పు ఆలోచింపదగినది. సూత్రకారులు గర్భిణికి పెట్టుమన్న నువ్వులను మన స్త్రీలు వేడిచేయునను భయముతో ఆమె దరికి రానీయరు. ఈడేరిన బాలికకు నువ్వులు బెల్లము దంచిన చిమ్మిలి ఉండలు ప్రేమతో తినిపించిన చేతులే, ఆమె గర్భవతియైన నాడు చిమ్మిలిని వెనుకకు నెట్టి చలిమిడిని ముందుకు తెచ్చినవి. ఈ నిర్ణయము ఏ స్మృతికారుడు చేసినది కాదు. తరతరములుగ కాన్పులు చూచిన పెద్దముత్తైదువులు చేసిన నిర్ణయమిది. శాస్త్రమును త్రోసిరాజన్నను ఎవ్వరును వారిని తప్పుపట్టలేదు. కడుపు చలువ యన్న ఒక్కమాట వారికి చాలినంత ప్రమాణము. అప్పగింతల నాడు పెండ్లికూతురితో పంపునదియు చలిమిడియే. కొన్ని యిండ్లలో మూడవ మాసమున, గర్భవార్త నలుగురికి పొక్కకముందే, తల్లి చాటుగ తెచ్చి యిచ్చునది దొంగచలిమిడి. అయిదవ మాసమున బహిరంగముగ చలిమిడి పెట్టి, ఏడవ మాసమున సీమంతము చేసి, పూలు ముడిచి, గాజులు తొడిగి, సూడిద లిచ్చి, తొలికాన్పునకు పుట్టింటికి తీసికొనిపోవుదురు.

చలిమిడి చేయుటలో మెలకువయంతయు తడిపిండిలోను, పాకములోను ఉన్నది. బియ్యమును రాత్రియంతయు నానబెట్టి, నీరు వార్చి, తడి ఆఱకముందే రోటిలో దంచి జల్లింతురు. జల్లించిన పిండిని అదిమి పైన గుడ్డ కప్పుదురు. బెల్లమును కొలది నీటితో కరగించి, వడగట్టి, పాకము పట్టి, గిన్నెడు చన్నీటిలో ఒక్క బొట్టు విడిచి వ్రేళ్లతో కూర్చి చూతురు. అది కరగిపోక మెత్తని ఉండయై నిలిచిన క్షణముననే దింపి, పిండిని కొంచెము కొంచెముగ పోయుచు తెడ్డుతో కలిపి, నేతిలో వేగిన ఎండుకొబ్బరి ముక్కలను, గసగసాలను, ఏలకుల పొడిని చేర్తురు. ఈ ముద్దనే తట్టి నూనెలో విడిచిన అరిసె యగును. విడువకున్న చలిమిడిగ నిలుచును. ఇంత శ్రమకు వీలులేని యింట పాకము లేకయే తడిపిండిలో బెల్లపు కోరు కలిపి పిసికిన పచ్చిచలిమిడి చేసి బిడ్డ నోటికి అందింతురు. వరి పండని మెట్టసీమలలో బియ్యము పండుగనాటి ధాన్యమై యున్న కాలమున, జొన్నలు కొఱ్ఱలు తిను తల్లి కూతురికొఱకు మానెడు బియ్యము నానవేయుట యెంత గొప్ప సంగతియో నేటి మనకు ఊహింపరాదు.

పొరుగు దేశములలోను పాపటకంటె పళ్లెరమే ప్రధానమైనది. తమిళులు వళైకాప్పునాడు గాజులతోపాటు పలువిధముల చిత్రాన్నములు పెట్టుదురు. కేరళీయులకు చింతపులుసు త్రాగించు పుళికుడి కలదు. వంగీయులు సాధ్ పేర కోరినదెల్ల వండి పాయసముతో ముగింతురు. మహారాష్ట్రుల డోహాళే జేవణ వీనియన్నిటిలో కన్నుల కెక్కువ వేడుక గొల్పునది. గర్భిణిని వెన్నెలలోనో, పడవలోనో, పూల ఊయలలోనో కూర్చుండబెట్టి, మూతవేసిన రెండు గిన్నెలలో నొకదానిని తీయుమందురు: పేడా దొరకిన మగశిశువనియు, బర్ఫీ దొరకిన ఆడుశిశువనియు నవ్వుకొందురు. గోభిలుడు నేతి అన్నములో చూడుమన్నదానినే వీరు మిఠాయిలో చూచుచున్నారు.

ఈ చరిత్ర నెఱిగినవారికి నేటి వేడుకలలో కనవచ్చు చిట్టిపాదముల బిస్కట్లును, ఊయల బొమ్మ పెట్టిన కేకులును పరాయివిగ తోపవు. రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికాలో జననములు పెరిగిన దినములలో విరివిగ వ్యాపించిన బేబీ షవర్ ఆచారము, అచ్చటి తెలుగు కుటుంబముల సీమంతములతో కలిసిపోయి, హైదరాబాదు విజయవాడలకును వచ్చినది. రూపము చూపి, ఊహ రేపి, పిదప తినిపించు ఆ పద్ధతి మనకును ప్రాచీనమే. అయితే ఆ రూపములకు అంగడి కేకే కావలెనా? చలిమిడి మట్టివలె చేతికి లొంగు ముద్ద. ఆ ముద్దతో ప్రమిద చేసి, నేయి పోసి, వత్తి వెలిగించి వేంకటేశ్వరునకు దీపారాధన చేయుట మన స్త్రీలకు అలవాటే. ఆ వ్రేళ్లకు చిన్ని పాదమును, ఊయలను, చిలుకను తీర్చుట యేమి కష్టము? గసగసాలు కన్నులగును, కొబ్బరిముక్క ఊయల బల్లయగును. ముద్ద సిద్ధమైన పిదప పొయ్యితో పనిలేదు కనుక ఈ బొమ్మలను పిల్లలు సైతము చేయవచ్చును. అంగడిలో కొన్న పొడిపిండితో మాత్రము ఈ పనికి పూనుకొనరాదు: అది పాకము నెల్ల పీల్చుకొని మఱునాటికే బీటలు వారును. బియ్యము ముందటి రాత్రియే నానవేయవలెను.