ఆతిథ్యము పొందిన మిషనరీ: ఇప్పోలితో దెసిదెరి టిబెట్టు ప్రయాణము (1715–1716)

ఉపోద్ఘాతము

టిబెట్టు పేరు వినగానే మన సంఘములలో సాధు సుందర్ సింగ్ గుర్తుకు వస్తారు. 1908 మొదలు పలుమారులు ఆ దిక్కుకు బయలుదేరి, 1929లో వెళ్ళి మరి తిరిగి రాని ఆ దైవజనుని గూర్చి ఒక్కసారైనా ప్రసంగించని కాపరి మనలో అరుదు. అయితే ఆయనకు సుమారు 200 సంవత్సరములకు ముందే అవే హిమ పర్వతములను దాటి లాసా నగరము చేరి, అక్కడి భాషను, గ్రంథములను అభ్యసించి, ఆ భాషలోనే క్రీస్తును గూర్చి వ్రాసిన ఒక వ్యక్తి ఉన్నాడు. ఆయన ఇటలీ దేశస్థుడైన జెసూయిట్ గురువు ఇప్పోలితో దెసిదెరి. కతోలిక సంఘమునకు చెందినవాడు కావటం వలన కాబోలు, మన ప్రొటెస్టెంటు సెమినరీల మిషను చరిత్ర పాఠములలో ఆయనకు దక్కిన చోటు చాలా తక్కువ.

ఈ వ్యాసములో ఆయన జీవితమంతటినీ వివరించటం నా ఉద్దేశము కాదు. లేహ్ నుండి లాసా వరకు ఆయన చేసిన ఏడు నెలల ప్రయాణమును ముఖ్యముగా పరిశీలించి, మిషను చరిత్రను మనము చెప్పుకొనే తీరును అది ఏ విధముగా ప్రశ్నిస్తున్నదో చూపటమే నా ప్రయత్నము.

1. నేపథ్యము

టిబెట్టుకు వెళ్ళిన మొదటి జెసూయిట్ దెసిదెరి కాదు. పోర్చుగీసు గురువు ఆంతోనియో ద ఆంద్రాదె 1624లో ఆగ్రా నుండి బయలుదేరి, బదరీనాథ్ పైన ఉన్న మానా కనుమను దాటి, పశ్చిమ టిబెట్టులోని గూగే రాజ్యపు రాజధాని త్సాపరాంగ్ చేరాడు. మానా కనుమ ఎత్తు 5,600 మీటర్ల పైమాటే. మంచు తళుకుకు ఆయన కళ్ళు కొంతకాలము చూపు కోల్పోయాయి. మరుసటి సంవత్సరము తిరిగి వెళ్ళి, 1626 పునరుత్థాన పండుగ దినమున అక్కడ దేవాలయమునకు శంకుస్థాపన చేశాడు. కాని 1630లో లడఖ్ రాజు గూగేను జయించటంతో ఆ పని కుంటుపడి, కొద్ది సంవత్సరములకు ఆగిపోయింది.

ఆగిపోయిన ఆ పనిని తిరిగి ప్రారంభించాలనే కోరికతో దెసిదెరి 1712లో రోము విడిచి, 1713లో గోవా చేరాడు. 1684లో పిస్తోయా పట్టణములో జన్మించిన ఆయనకు అప్పటికి ముప్పది ఏండ్లు కూడా నిండలేదు. 1714 సెప్టెంబరులో మనోయెల్ ఫ్రెయిరె అనే పోర్చుగీసు గురువుతో కలిసి ఢిల్లీ నుండి బయలుదేరాడు. ఫ్రెయిరె వయసులో పెద్దవాడు, ఈ ప్రయాణమునకు పై అధికారి కూడా.

2. కాశ్మీరు నుండి లేహ్

ఇద్దరూ లాహోరు మీదుగా కాశ్మీరు చేరేసరికి చలికాలము వచ్చింది. ఆరు నెలలు శ్రీనగర్‌లో ఉండి, 1715 మే నెలలో కాలినడకన జోజీ లా కనుమను దాటారు. మే నెల అంటే మనకు రోహిణి కార్తె ఎండలు. అక్కడ మాత్రము మంచు కరగలేదు. గుర్రములు నడువలేని దారి గనుక సామానంతా కూలీల వీపుల మీదనే సాగింది. ఆంద్రాదెకు వలెనే దెసిదెరికి కూడా మంచు వెలుగు వలన కళ్ళు మండి, వాచిపోయాయి. జూన్ చివరిలో లేహ్ చేరారు.

ఇక్కడ ఒక విషయము గమనించాలి. లడఖ్ రాజు వారిని ఆదరించాడు గనుక దెసిదెరి లేహ్‌లోనే ఉండి పరిచర్య ప్రారంభించాలని కోరాడు. ఫ్రెయిరె మాత్రము హిందూస్థానమునకు తిరిగి వెళ్ళాలని నిశ్చయించుకున్నాడు. కాని వచ్చిన ఆ కొండదారిన మరల నడవటం ఆయనకు ఇష్టము లేదు. వేరొక దారి కొరకు విచారించగా, తూర్పున మరింత పెద్ద టిబెట్టు ఉన్నదని, లాసా అనే నగరము ఉన్నదని, అక్కడ నుండి హిందూస్థానమునకు మార్గము ఉన్నదని తెలిసింది. అధికారి మాటకు లోబడి దెసిదెరి బయలుదేరాడు. లాసా మిషను అనే పేరుతో మనము చదివే చరిత్ర ఆరంభములో ఏ గొప్ప ప్రణాళికా లేదు. ఒకరు ఇంటి దారి వెదుకుతుండగా, మరొకరు విధేయత వలన వెంట నడిచారు, అంతే.

3. ఒక విధవరాలి బిడారు

1715 ఆగస్టు 17న లేహ్ విడిచి, సెప్టెంబరులో సరిహద్దు కోట తాషిగాంగ్ చేరారు. అక్కడ నుండి మధ్య టిబెట్టు వరకు ఉన్నది ఎత్తయిన ఎడారి. చెట్టు లేదు, ఊరు లేదు. దొంగల భయము ఎక్కువ. ఇద్దరు విదేశీయులు కొద్దిమంది సేవకులతో శీతకాలములో దానిని దాటటం అసాధ్యము.

గార్టోక్ వద్ద వారికి సహాయము దొరికింది. ఆ ప్రాంతపు సైన్యాధిపతి మరణించగా, ఆయన భార్య కొంతకాలము తానే పాలన సాగించి, ఆ బాధ్యత వేరొకరికి అప్పగించి లాసాకు తిరిగి వెళ్తున్నది. ఆమె మంగోలు జాతి స్త్రీ, బౌద్ధురాలు. దెసిదెరి ఆమెను రాకుమారి అని వ్రాశాడు. ముందు, వెనుక ఆశ్వికులు, నడుమ గుడారములు, సేవకులు, జడల బర్రెలు, గుర్రములు – ఇంత పెద్ద బిడారులో ఈ ఇద్దరు పరదేశులకు ఆమె చోటిచ్చింది. అక్టోబరులో బయలుదేరారు.

తరువాతి మూడు నెలలు ఎలా గడిచాయో దెసిదెరి వివరముగా వ్రాశాడు. పడక నేల మీదనే. వంటచెరకు పశువుల పేడ. త్రాగు నీటి కొరకు మంచు గడ్డను పగులగొట్టాలి. ఆహారములో ముఖ్యమైనది వేయించిన యవల పిండి. ఇట్టి స్థితిలో ఆమె వారిని తన గుడారమునకు పిలిపించి యోగక్షేమములు విచారించేది, తన భోజనములో నుండి పంపేది.

ఒక దినము ఫ్రెయిరె గుర్రము మంచులో అలసి కూలిపోయింది. బిడారు ముందుకు సాగిపోయింది. చీకటి పడిన తరువాత గాని ఆయన లేని సంగతి తెలియలేదు. ఆ రాత్రి ఆయన పడిపోయిన గుర్రము కడుపుకు ఆనుకొని, దాని వెచ్చదనముతో ప్రాణము నిలుపుకున్నాడు. మరునాడు రాకుమారి మనుష్యులు వెదకి ఆయనను తీసికొనివచ్చారు. లూకా సువార్త పదవ అధ్యాయములోని సమరయుని ఉపమానమును బోధించటానికి వెళ్ళినవాడు, ఆ ఉపమానములో దారి ప్రక్కన పడి ఉన్నవాని స్థానములో తానే ఉన్నాడు.

4. పర్వతము, సరస్సు

నవంబరులో బిడారు ఆ దారి అంతటిలోను ఎత్తయిన ప్రదేశమునకు చేరింది. అక్కడ మేఘములలో దాగి, ఎన్నడూ కరగని మంచుతో నిండిన ఒక మహా పర్వతమును దెసిదెరి చూశాడు. అదే కైలాస పర్వతము. ఎత్తు 6,600 మీటర్లకు పైగా ఉంటుంది. దాని సమీపముననే సుమారు 4,590 మీటర్ల ఎత్తున మానస సరోవరము, ప్రక్కనే రాక్షస తాల్ ఉన్నాయి. మానస సరోవరపు చుట్టుకొలత సుమారు 88 కిలోమీటర్లు. తెలుగువారికి ఈ పేర్లు పురాణముల నుండి, హరికథల నుండి చిరపరిచితములు. ఐరోపావారికి మాత్రము ఈ పర్వతమును, సరస్సును కళ్ళారా చూసి వర్ణించిన తొలి వ్రాతలలో దెసిదెరి వ్రాత ఒకటి.

ఆయన ఏమి వ్రాశాడు? పర్వతపు చలి భయంకరమని వ్రాశాడు. యాత్రికులు అనేకులు వచ్చి కొన్ని దినములు నడిచి పర్వతము చుట్టూ ప్రదక్షిణ చేస్తారని వ్రాశాడు. పద్మసంభవుడు ధ్యానము చేసినదని చెప్పే గుహను, అక్కడి మఠమును పేర్కొన్నాడు. సరస్సు తీరమున బంగారు రేణువులు దొరుకుతాయని విన్నది వ్రాశాడు. గంగ, సింధు ఇక్కడే పుడుతున్నాయని తేల్చాడు. గంగ విషయములో అది పొరపాటే, గంగోత్రి వేరు. అయితే సింధు, సట్లెజ్, బ్రహ్మపుత్ర, గంగకు ఉపనది అయిన కర్నాలి – ఈ నాలుగింటి పుట్టుక ఆ పరిసరములలోనే గనుక ఆయన విన్న మాటలో కొంత నిజము లేకపోలేదు.

ఈ భాగములో ఆయన స్వరమును గమనించండి. ఆ యాత్రికుల విశ్వాసము సత్యమని ఆయన ఎక్కడా ఒప్పుకొనలేదు. అలాగని వారిని ఎగతాళి చేయలేదు. ఎవరు, ఎందుకు, ఎన్ని దినములు నడుస్తారో అడిగి తెలిసికొని వ్రాశాడు. అప్పటికి ఆయనకు టిబెట్టు భాష సరిగా రాదు. ఒక దుబాసీ సహాయముతోనే ఇదంతా అడిగాడు. ఖండించటానికి ముందు వినటం అనే అలవాటు ఆ చలిలో, ఆ బిడారులో బలపడిందని నేను తలస్తున్నాను. వారి గుడారములో తిని, వారి నిప్పు దగ్గర చలి కాచుకున్నవానికి వారిని గూర్చి తేలికగా మాట్లాడటం కష్టము.

5. లాసాలో

1716 మార్చి 18న వారు లాసా చేరారు. ఫ్రెయిరె ఒక నెలకే నేపాలు మార్గమున తిరిగి వెళ్ళిపోయాడు. దెసిదెరి ఒంటరిగా మిగిలాడు. అప్పటి పాలకుడు లజాంగ్ ఖాన్ ఆయనకు ఉండటానికి, బోధించటానికి అనుమతించాడు. తెల్లవారినది మొదలు ప్రొద్దుగూకే వరకు భాష నేర్చుకొని, 1717 జనవరిలో తన మొదటి టిబెట్టు గ్రంథమును ఖాన్‌కు సమర్పించాడు. ఆ గ్రంథము పేరునకు అర్థము ‘ఉషోదయము’. అది చదివిన ఖాన్, మా పండితులతో వాదించటానికి ముందు మా గ్రంథములు చదువుమని సలహా ఇచ్చాడు. దెసిదెరి దానిని అవమానముగా తీసికొనలేదు. రమోచే మఠములోను, తరువాత సెరా మఠపు విద్యాలయములోను చేరి చదివాడు. పునర్జన్మను, శూన్యతను గూర్చిన బౌద్ధ సిద్ధాంతములను వారి తర్కముతోనే పరీక్షిస్తూ టిబెట్టు భాషలో గ్రంథములు రచించాడు. వాటిలోని భాగములు డోనాల్డ్ లోపెజ్, తుప్తెన్ జిన్పా అనువాదముతో 2017లో ఆంగ్లములో వెలువడ్డాయి. వారిలో తుప్తెన్ జిన్పా సెరా వంటి మఠ విద్యలోనే పెరిగిన టిబెట్టు పండితుడు కావటం గమనార్హము.

1717 డిసెంబరులో జుంగారులు లాసాను ముట్టడించి లజాంగ్ ఖాన్‌ను చంపారు. నగరము దోపిడీకి గురైంది. దెసిదెరి దాక్పో ప్రాంతమునకు తరలి, అక్కడ తన రచనను కొనసాగించాడు.

6. పని ఆగిపోయిన కారణము

మంచు ఆయనను ఆపలేదు. యుద్ధము ఆపలేదు. ఆపినది సంఘమే. రోములోని విశ్వాస వ్యాప్తి సంస్థ టిబెట్టు క్షేత్రమును 1703లోనే కపుచిన్ సభకు కేటాయించింది. కపుచిన్ గురువులు 1707లో లాసా వచ్చి, కొంతకాలమునకు వెళ్ళిపోయి, 1716లో తిరిగి వచ్చారు. ఒకే నగరములో, ఒకే ప్రభువు నామమున, రెండు సభలవారు క్షేత్రము ఎవరిది అని తగవులాడారు. జెసూయిట్లు వైదొలగవలెనని ఆజ్ఞ రాగా 1721 ఏప్రిల్‌లో దెసిదెరి లాసా విడిచాడు.

ఆ తరువాత పట్నా, ఢిల్లీ ప్రాంతములలో పనిచేసి, 1726లో పాండిచ్చేరి చేరి, ఫ్రెంచి జెసూయిట్ల కర్నాటక మిషనులో సుమారు ఒక సంవత్సరము ఉన్నాడు. మన తెలుగు సీమలో కతోలిక సంఘములను నాటిన మిషను ఇదే. ఆయన మాత్రము అరవము నేర్చుకొని పరిచర్య చేశాడు. 1728లో రోము చేరి, టిబెట్టు క్షేత్రము కొరకు వ్యాజ్యము నడిపాడు. 1732లో తీర్పు కపుచిన్లకే అనుకూలమైంది. మరుసటి సంవత్సరము ఏప్రిల్‌లో దెసిదెరి మరణించాడు. ఆయన వ్రాసిన టిబెట్టు వృత్తాంతము అచ్చు కాకుండా మూలబడి, 1875లో గాని బయటపడలేదు. సంపూర్ణమైన ఆంగ్లానువాదము 2010లో వచ్చింది. గెలిచిన కపుచిన్లు కూడా 1745లో లాసా విడిచారు. వారి గంట ఒకటి మాత్రము లాసాలోని జొఖాంగ్ ఆలయములో మిగిలింది. దానిపై దేవుని స్తుతించే లాటిన్ మాటలు ఉన్నాయి.

7. మన పరిచర్యకు దీని అన్వయము

మొదటిది. క్షేత్ర విభజన తగవులు కతోలికుల దోషము మాత్రమే అని మనము తప్పించుకొనలేము. ఒకే పేటలో మూడు బోర్డులు కట్టి, ఒకరి విశ్వాసులను ఒకరు లాగుకొనుచున్న మనకు, లాసా చరిత్ర అద్దము వంటిది.

రెండవది ఇంకా లోతైనది. నేను బి.డి. చదివిన దినములలో మిషను చరిత్ర పరీక్ష కొరకు సంవత్సరములు, కట్టిన బడులు, ఇచ్చిన బాప్తిస్మముల సంఖ్య కంఠస్థము చేశాము. ఆ మిషనరీ మొదటి రాత్రి ఎవరి ఇంట పండుకున్నాడు, ఎవరు అన్నము పెట్టారు అన్న ప్రశ్న ఎన్నడూ రాలేదు. కాని ప్రభువు డెబ్బదిమందిని పంపినప్పుడు సంచి లేకుండా పంపి, పెట్టినది తినుమని చెప్పాడు. అంటే సువార్తికుడు ముందుగా అతిథి. ఇచ్చేవాడు కావటానికి ముందు పుచ్చుకొనేవాడు.

ఈ వ్యాసము వ్రాస్తూ నన్ను నేను పరీక్షించుకున్నాను. నేను మొదట కాపరిగా పనిచేసిన గ్రామములో, గుడి కట్టక ముందు, ఒక హిందూ రైతు కుటుంబము తమ పశువుల కొట్టము ఖాళీ చేసి మా ఆరాధనకు ఇచ్చింది. రెండు వర్షాకాలములు అక్కడే కూడుకున్నాము. ఆ ఇంటి పెద్దమ్మ ఆదివారము నాడు తానే ఊడ్చి, నీళ్ళు చల్లి ఉంచేది. ఇరువది ఐదేండ్లకు సంఘము రజతోత్సవ సంచిక వేసింది. అందులో చందాదారుల పేర్లు, పెంకులు ఇచ్చినవారి పేర్లు, ప్రారంభోత్సవమునకు వచ్చిన పెద్దల పేర్లు ఉన్నాయి. ఆ కుటుంబము పేరు లేదు. ఆ సంచిక సంపాదకుడిని నేనే.

దెసిదెరి తన గ్రంథములో ఆ మంగోలు స్త్రీ చేసిన ఉపకారమును కృతజ్ఞతతో వ్రాసి ఉంచాడు. ఆమె విశ్వాసములోనికి వచ్చిందని వ్రాయలేదు. రాకపోయినా ఆమె పేరు చరిత్రలో ఉండదగినదని ఆయనకు తెలుసు. మన సంఘ చరిత్రలు వ్రాయుచున్న విద్యార్థులు, కాపరులు తమ పెద్దలను అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: మన సంఘము పుట్టినప్పుడు చోటిచ్చినది ఎవరు? జ్ఞాపకము ఉన్నవారు జీవించి ఉండగానే అడగండి. నేను అడగటానికి వెళ్ళేసరికి ఆ పెద్దమ్మ లేదు.