డబ్బు కన్నా ముందే వచ్చిన తుపాకి

విదేశీ సాయం పేద దేశాల్లో పోరును చల్లారుస్తుందా, రాజేస్తుందా? ఒక్క మాటలో జవాబు చెప్పేవాళ్లను కాస్త అనుమానించడమే మంచిది. ఫిలిప్పీన్స్ సంగతే చూద్దాం.

అక్కడ 2003లో ప్రపంచ బ్యాంకు అప్పుతో కలాహి-సిడ్స్ పథకం మొదలైంది. ఊరికి 3 లక్షల పెసోల లెక్కన ఒక్కో మునిసిపాలిటీకి నిధి దక్కేది. మంచినీళ్లు కావాలా, రోడ్డు కావాలా, బడి గది కావాలా అన్నది ఊరివాళ్లే సభ పెట్టుకుని తేల్చుకోవాల్సి ఉండేది. ఆ తర్వాత ఊళ్ల ప్రతినిధులంతా కూర్చుని ఏ పనికి డబ్బివ్వాలో ఓటు వేయాల్సి ఉండేది. అయితే అప్పట్లో ఆ పల్లెల్లో చాలాచోట్ల తిరుగుబాటుదారులు, అంటే న్యూ పీపుల్స్ ఆర్మీ దళాలో, దక్షిణాన మోరో ఇస్లామిక్ లిబరేషన్ ఫ్రంట్ వాళ్లో తిరుగుతుండేవారు.

ఎంపికైన ఒక్కో ప్రావిన్సులో బాగా పేదవైన పావు వంతు మునిసిపాలిటీలకే పథకం దక్కేది. పరిశోధకులకు కలిసొచ్చింది ఈ గీతే. 34 మార్కులతో తప్పిన పిల్లాడికీ 35తో గట్టెక్కిన పిల్లాడికీ చదువులో పెద్ద తేడా ఉండదు కదా. అలాగే గీతకు అటూ ఇటూ ఉన్న మునిసిపాలిటీలను క్రాస్ట్, ఫెల్టర్, జాన్‌స్టన్ అనే పరిశోధకులు పోల్చి చూసి, 2014లో ఫలితం ప్రకటించారు. పథకం దక్కినచోటే పోరులో ప్రాణనష్టం పెరిగింది. అదీ ఎక్కువగా తొలి రోజుల్లో, సభలు జరుగుతూ డబ్బింకా చేతికి రాని దశలో. దోపిడీ కోసమే దాడులైతే తిరుగుబాటుదారులు డబ్బు వచ్చేదాకా ఆగేవారు. పథకం గెలిస్తే జనం తమకు దూరమవుతారనే భయంతో మొదట్లోనే చెడగొట్టారన్నది వాళ్ల వాదన. నాకూ అదే సబబుగా తోస్తుంది.

ప్రాణనష్టం లెక్కలు మాత్రం ఫిలిప్పీన్స్ సైన్యానివి, అంటే పోరాడే పక్షాల్లో ఒకరు రాసుకున్నవి. ఆ మొగ్గు గీతకు రెండువైపులా ఒకేలా ఉంటే పోలిక చెడదు. పథకం ఉన్నచోట సైన్యం మరింత శ్రద్ధగా రాసి ఉంటేనే చిక్కు.

ఇదే ముగ్గురు 2016లో మరో పథకాన్ని పరిశీలించారు. అది పంతావిద్. పిల్లల్ని బడికి పంపి, ఆరోగ్య పరీక్షలు చేయిస్తే పేద కుటుంబాలకు నేరుగా నగదు ఇస్తారు. లాటరీ పద్ధతిలో ఎంపికైన ఊళ్లలో ఈసారి ఘర్షణలూ తిరుగుబాటుదారుల పట్టూ తగ్గాయి. ఇక్కడ ఊరంతా చేరే సభ మీద ఆధారపడ్డ నిధి లేదు, కూల్చడానికి సగం కట్టిన గోడ లేదు. సాయం చేరే దారే తేడా తెచ్చిందనిపిస్తుంది. కానీ ఊళ్లు వేరు, ఏళ్లు వేరు. ఒకే ప్రాంతంలో కొన్ని ఊళ్లకు నగదూ కొన్నిటికి సామూహిక పనులూ చీటీ తీసి కేటాయిస్తే తప్ప, ఆ మాట రుజువైందనలేం.