మాటలాడ నేర్పిన గోష్ఠులు

ప్రాచీన గ్రీకుదేశమున డెమాస్తనీసు అను మహావక్త యుండెను. ఆయన నోట గులకరాళ్లుంచుకొని పలుకుట యభ్యసించెననియు, సముద్రతీరమున నిలిచి అలల ఘోషను మించునట్లు గొంతెత్తెననియు, బయటికి పోవ సిగ్గగునట్లు తల సగము గొరిగించుకొని నేలమాళిగలో రెండుమూడు నెలలు సాధన చేసెననియు ప్రాచీనులు వ్రాసియున్నారు. బడిలో చదివినవారిలో ఈ కథ నెఱుగనివా రరుదు. కాని ఇందొక చిక్కు కలదు. అలలు మన మాట వినవు. విని, ఇచ్చట నీ గొంతు పడిపోయినది, ఇచ్చట చెప్పినదే మరల చెప్పితివి, అని తెలుపవు. సభాభీతి గలవాడు రాళ్లకును అలలకును భయపడుట లేదు, మనుష్యులకు భయపడుచున్నాడు. ఆ భయము మనుష్యుల నడుమనే తీరవలెను గదా! ఈ సంగతిని గ్రహించి ఒక పద్ధతి నేర్పఱచిన పెద్దమనిషి యొకడు అమెరికాలో నుండెను. ఆయన పేరు రాల్ఫ్ స్మెడ్లీ. ఆయన స్థాపించిన గోష్ఠి నాలుగుమారులు నశించి యైదవమారు నిలిచిన తీరును నేడు మీకు మనవి చేసెదను.

అంతకుముందు, ఆ దేశముననే ఆయనకు పూర్వుడైన యొకని స్మరించుట యుచితము. 1727లో ఫిలడెల్ఫియా నగరమున బెంజమిన్ ఫ్రాంక్లిను స్నేహితులను గూర్చి జంటో అను గోష్ఠిని స్థాపించెను. అప్పటికాయన ఇరువదియొక్క యేండ్ల ముద్రాపకుడు. అద్దముల పనివాడు, చెప్పులు కుట్టువాడు, వడ్రంగి, భూమి కొలుచువాడు, వర్తకుని గుమాస్తా మున్నగువారు అందలి సభ్యులు. శుక్రవారపు సాయంకాలములందు వారు కూడి నీతిని గూర్చియు, రాజ్యవ్యవహారములను గూర్చియు, ప్రకృతిశాస్త్రమును గూర్చియు ప్రశ్నలు వేసికొని చర్చించుచుండిరి. మూడు నెలల కొకపరి ప్రతివాడును తాను వ్రాసిన వ్యాసమును చదువవలెను. తన మాటయే వేదమన్నట్లు మొండిగా పలికిన వారికి చిన్న జరిమానా విధించెడివారు. ఈ జరిమానా వినుటకు వినోదముగా నుండవచ్చును గాని అందొక మర్మము కలదు. ఎదుటివాడు తన్ను మాటలతో నలుగగొట్టడను ధైర్యము కలిగిననే పిరికివాడు నోరు విప్పును.

ఇక స్మెడ్లీ కథ. ఆయన 1878లో ఇల్లినాయి రాష్ట్రమునందలి వేవర్లీలో జన్మించెను. చదువు ముగిసిన పిమ్మట ఆ రాష్ట్రమందే బ్లూమింగ్టను పట్టణపు క్రైస్తవ యువజన సంఘమున విద్యాశాఖను నడుపు నుద్యోగమున ప్రవేశించెను. అచ్చటికి వచ్చు యువకులను జూడగా ఆయన కొక లోపము కనబడినది. వారు తెలివిలేనివారు కారు. తమ తమ పనులు చక్కగ నెఱిగినవారే. కాని నలుగురిలో లేచి నిలువుమన్నచో మోకాళ్లు వణకును. సభ నడుపుమన్నచో తీర్మాన మెట్లు ప్రవేశపెట్టవలెనో, సవరణ నెప్పుడు చర్చకు దీసికొనవలెనో తెలియదు. ఇట్టివాడు తెలిసినదానిని తనలోనే మ్రింగికొని యింటికి బోవును. ఏమియు తెలియకున్నను గొంతు గలవాడు సభను తన వెంట నీడ్చుకొని పోవును. ఊరి బడికి ఎంత వెచ్చింపవలెను, సంఘపు సొమ్మెవరి చేత నుంచవలెను అను విషయములన్నియు ఇట్లే తేలిపోవుట మనమును చూడని సంగతి కాదు.

1905లో స్మెడ్లీ ఆ యువకులను జేర్చి చిన్న గోష్ఠిగా నేర్పఱచెను. ఉపన్యాసకళను గూర్చి ఆయన పాఠములు చెప్పుచు గూర్చుండలేదు. ఒకడు అధ్యక్షత వహించును. కొందఱు కొలది నిమిషములు ప్రసంగింతురు. వినినవారు గుణదోషములు చెప్పుదురు. మఱుసటి సమావేశమున అధ్యక్షుడు మాఱును, వక్తలు మాఱుదురు. ఇంతియే పద్ధతి. ఇది సభవలె బిగువుగా గాక విందువలె ఉల్లాసముగా నుండవలెనని తలచి, దానికి టోస్టుమాస్టర్ల గోష్ఠి యని పేరిడెను. ఇంగ్లీషువారి విందులలో ఒకరి గౌరవార్థము పాత్ర నెత్తి త్రాగుటను టోస్టు అందురు. ఎవరెప్పుడు మాటలాడవలెనో చెప్పి విందు నడుపువాడు టోస్టుమాస్టరు. కాల్చిన రొట్టెకును దీనికిని సంబంధ మేమని మీరడుగవచ్చును. సంబంధము లేకపోలేదు. పూర్వము ద్రాక్షాసవమున రుచికై మసాలా చేర్చిన కాల్చిన రొట్టెముక్క వేయు నాచార ముండెడిది. ఆ రొట్టె పేరే క్రమముగా ఆ మర్యాదకును వచ్చినది.

స్మెడ్లీకి బదిలీ కాగా, తరువాత వచ్చిన యధికారి కిందు రుచి కలుగలేదు. గోష్ఠి మూతబడెను. ఆయన ఫ్రీపోర్టున నొకటి, రాక్ ఐలండున నొకటి, పిదప కాలిఫోర్నియాలోని శాన్‌హోసేలో నొకటి నెలకొల్పెను. ఫ్రీపోర్టున యువకులే గాక వర్తకులును వృత్తులలో స్థిరపడినవారును ఆకర్షితులైరి. అయినను స్మెడ్లీ ఊరు విడిచిన కొంతకాలమునకే ప్రతిచోటను ఉత్సాహము చల్లారెను. కారణ మూహింప కష్టము కాదు. పద్ధతి యంతయు ఆయన బుద్ధిలోనే యుండెను. ఆయనతోపాటు రైలెక్కి పోవుచుండెను. గుమిగూడినవారందఱును సమానులేయని ఆయన చెప్పుచున్నను, లోలోపల వారొక గురువును నమ్ముకొనియే యుండిరి. మన యూళ్లలో ఒక పండితుని ప్రాపున వెలసిన సారస్వత సమాజములు ఆయనతోడనే అంతరించుట చూచినవారికి ఇది క్రొత్త గాదు.

1924 అక్టోబరు 22వ తేదీన దక్షిణ కాలిఫోర్నియాలోని శాంటా అనాలో, యువజన సంఘ భవనపు నేలమాళిగలో ఐదవ గోష్ఠి ప్రారంభమైనది. (డెమాస్తనీసు సాధనయు నేలమాళిగలోనే గదా! కాని యిచ్చట తల గొరిగించుకొన నక్కఱలేకపోయినది.) ఈమారు పొరుగూళ్లవారు వచ్చి చూచి, తమ యూర నిట్టిది పెట్టుకొనుట యెట్లని యడుగసాగిరి. అందఱి యొద్దకును పోవుటకు ఆయన యొక్కడు చాలడు. కావున తన పద్ధతిని కాగితముపై బెట్టి చిన్న పుస్తకములుగా నచ్చొత్తించెను. నా యభిప్రాయమున ఆ సంస్థకు ప్రాణము పోసినది ఈ యచ్చుపనియే. పుస్తకము చేతనుండిన పదిమంది, స్మెడ్లీ ముఖము నెన్నడు చూడకున్నను, తమలో తాము అభ్యసింపగలిగిరి. 1930 నాటికి ఈ గోష్ఠులు సమాఖ్యగా గూడెను. కెనడాలోని బ్రిటిష్ కొలంబియావారును చేరగోరుటచే దానికి అంతర్జాతీయ నామము కలిగెను. 1932 డిసెంబరులో సంస్థ చట్టప్రకారము నమోదైనది. నేడు పెక్కు దేశములలో వేలకొలది గోష్ఠులు కలవు; మన హైదరాబాదు నందును కలవు.

లోపల జరుగు పని యేమో కొంచెము విడమర్చి చెప్పవలెను. క్రొత్తగా చేరినవాడు మొదట తన్ను గూర్చియే నాలుగు మొదలు ఆరు నిమిషముల వఱకు మాటలాడును. తన కథ తనకు తెలియనిది గాదు గనుక, విషయము మఱచిపోవుదునేమో యను భయము సగము తగ్గును. పిదప ప్రసంగములు సాధారణముగా ఐదు మొదలు ఏడు నిమిషములు. ఐదవ నిమిషమున ఆకుపచ్చ దీపము, ఆఱవ నిమిషమున పసుపు దీపము, ఏడవ నిమిషమున ఎఱ్ఱదీపము వెలుగును. ముగించుట తెలియని వక్తల బారిన బడిన మనవారి కీ దీపముల విలువ వేరుగ చెప్పనేల? ఒక సభ్యుడు ఊతపదములు లెక్కించును. 'మఱేమో', 'అదేమిటనగా', 'ఆఁ' అని వక్త యెన్నిమార్లు తడుముకొనెనో తుదకు చదివి వినిపించును. వేఱొకడు భాషలోని తప్పొప్పులు గుర్తించును. ఇంకను, ముందుగా తెలుపని విషయమిచ్చి ఒకటి రెండు నిమిషములు అప్పటికప్పుడు మాటలాడింతురు. ఇది వినగానే నాకు మన అష్టావధానములలోని అప్రస్తుత ప్రసంగము జ్ఞప్తికి వచ్చును. అవధాని ధారణలో మునిగియుండగా పృచ్ఛకుడు కొంటెప్రశ్న వేయును. తడవు లేక బదులీయవలెను. అచ్చట పాండిత్యము పరీక్షకు వచ్చును, ఇచ్చట ధైర్యము.

అన్నిటికంటె ముఖ్యమైనది విమర్శ. ప్రతి ప్రసంగమునకు ఒక విమర్శకుడు నియుక్తుడగును. అతడు రెండు మూడు నిమిషములలో, వక్త చేసిన మంచిని జెప్పి, దిద్దుకొనవలసినది చూపవలెను. ఆ విమర్శకుడు పండితుడు గాదు. పోయినవారము తానే వణకుచు నిలిచినవాడు, వచ్చువారము మరల నిలువబోవువాడు. కావున అతని మాటలో ఎగతాళి యుండదు. ఇట్లు పరుల ప్రసంగమును శ్రద్ధతో విని తూచుట యభ్యాసమైన కొలది, తన ప్రసంగమునందలి లోపము తనకే వినబడసాగును. మాటలాడ నేర్వవచ్చినవాడు ఇచ్చట ముందుగా విన నేర్చును.

అయినను ఒక శంక తీరవలసియున్నది. ఇట్టి గోష్ఠులలో దీపముల లెక్కకు సరిపోవు నున్నని మాటలు పుట్టవచ్చును గాని, సత్తువగల వాక్కు పుట్టునా? గాంధిమహాత్ముని చరిత్ర జూడుడు. 1891లో ఇంగ్లండు విడుచునప్పుడు లండనులో తానిచ్చిన విందున హాస్యముగా ప్రసంగింపదలచి, మొదటి వాక్యము పలుకగానే తక్కినది మఱచి, వందనములు చెప్పి కూర్చుండెనని ఆయనయే తన యాత్మకథలో జెప్పికొనియున్నాడు. మఱి రెండేండ్లకు, 1893లో ప్రిటోరియాలోని భారతీయ వర్తకుల యెదుట, వ్యాపారమున సత్యమును గూర్చి ప్రసంగించెను. జీవితమున తన మొదటి యుపన్యాస మదియే యని ఆయన గణించెను. ఆయన కచ్చట ఏ గోష్ఠియు శిక్షణ మీయలేదు. చెప్పి తీరవలసిన విషయము దొరకినది. ఈ యుదాహరణమును నేను తేలికగా త్రోసివేయజాలను. గోష్ఠి విషయము నీయలేదు. విషయముండియు నోరు రానివానికి మాత్రము దారి చూపును. వానికి ప్రిటోరియా వచ్చువఱకు వేచియుండుమని చెప్పుట న్యాయమా?

దారి చూపవలసినవారిలో సగముమందిని ఈ సంస్థయే చిరకాలము వాకిట నిలిపెను. స్త్రీలకు అందు సభ్యత్వము లేకుండెను. 1938లో ఎర్నెస్టీన్ వైట్ అను నామె స్త్రీలకై వేరుగ టోస్టుమిస్ట్రెస్ గోష్ఠుల సమాఖ్యను స్థాపింపవలసి వచ్చినది. స్మెడ్లీ 1965లో మరణించునాటికిని ఆ నిబంధన మాఱలేదు. 1970లో హెలెన్ బ్లాంచర్డు అను స్త్రీ కాలిఫోర్నియాలోని యొక గోష్ఠిలో చేరెను. కేంద్రకార్యాలయపు పట్టికలో మాత్రము ఆమె పేరు హోమర్ అని పురుషనామముగా నెక్కింపబడినది. 1973లో సంస్థ నిబంధనలను మార్చి స్త్రీలను చేర్చుకొనెను. హోమరుగా లోనికి వచ్చిన యామె 1985లో, హెలెన్ అను స్వనామముతోనే, అంతర్జాతీయ సంస్థకు మొదటి మహిళాధ్యక్షురాలయ్యెను.