బెండకాయ చక్రాలూ, గాజు పూసలూ

బెండకాయని అడ్డంగా ఎక్కడ కోసినా అదే నక్షత్రం కనిపిస్తుంది. పాలిమర్ క్లేతో చేసే 'కేన్' కిటుకు కూడా అంతే. రంగురంగుల ముద్దల్ని కడ్డీలుగా చేసి, పువ్వో చుక్కో వచ్చేలా పేర్చి, చుట్టూ నొక్కుతూ సాగదీస్తారు. పిడికిలంత లావున్నది చిటికెనవేలంత సన్నబడ్డా లోపలి పువ్వు చెదరదు, చిన్నదవుతుందంతే. ఇక బిళ్ళలుగా కోసుకుని, ఓవెన్లో సుమారు 130 డిగ్రీల వేడికి పెడితే గట్టిపడతాయి. కోడ్ ఒకసారి రాసి వందసార్లు రన్ చేసుకున్నట్టన్నమాట.

ముద్ద కొత్తదే. జర్మనీలో ఫీఫీ రేబిందర్ అనే ఆవిడ తయారుచేసిన ముద్దని 1964లో ఎబర్‌హార్డ్ ఫాబర్ కంపెనీ కొనుక్కుని ఫిమో పేరుతో అమ్మింది. టెక్నిక్ మాత్రం గాజువాళ్ళది. రోమన్ల కాలంలోనే ఇలా గాజు కడ్డీలు పేర్చి, సాగదీసి, కోసి, ఆ ముక్కల్ని అతికి గిన్నెలు చేశారు. తర్వాత వెనిస్ దగ్గరి మురానో దీవి వాళ్ళు అందుకున్నారు. 'మిల్లెఫియోరి' అంటే ఇటాలియన్లో వేయి పూలు. ఈ హాబీ ఉన్నవాళ్ళు చెప్పే చరిత్ర సాధారణంగా ఇక్కడితో అయిపోతుంది. నా పేచీ అక్కడే!

మా మరిపెడ వైపు తండాలెక్కువ. లంబాడీ ఆడవాళ్ళ పాతకాలపు వేషాన్ని పూసలూ అద్దాలూ లేకుండా ఊహించలేం. పిన్నులూ దువ్వెనలూ పూసలూ ఊరూరా తిరిగి అమ్మే పూసలోళ్ళు మనందరికీ తెలుసు. మరి ఆవగింజంత గాజు పూసకి బెజ్జం ఎలా పడుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఒక్కోదాన్నీ తొలుస్తూ కూర్చుంటే ఒక దండకే ఏడాది పడుతుంది. అసలు తొలవరు.

దానికి శ్రీకాళహస్తి దగ్గరి పాపానాయుడుపేట కథ తెలియాలి. పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికన్ పూసల పరిశోధకుడు అక్కడి పనిని చూసి వివరంగా రాశాడు. 'లాడ' అనే పొడుగాటి ఇనుప గొట్టం చివర కరిగిన గాజు ముద్దని పట్టించి, దొర్లించి శంకువులా చేస్తారు. నడుమ ఖాళీ ఉండేలా చూసి మళ్ళీ కొలిమిలో పెడతారు. అవతలి వైపు నుంచి ఒక మనిషి కొసని కొక్కేనికి తగిలించి, చేతులు మార్చుకుంటూ లాగుతాడు. గంటల తరబడి! సన్నటి గొట్టం వస్తూనే ఉంటుంది, లోపలి ఖాళీ కూడా దాంతోపాటే సాగుతూ వస్తుంది. ఆ గొట్టాన్ని ముక్కలు కొట్టి, బూడిద కలిపి వేడిచేస్తే అంచులు గుండ్రబడతాయి. బూడిద ఎందుకంటే, బెజ్జాలు పూడిపోకుండా, పూసలు ఒకదానికొకటి అంటుకోకుండా.

చూశారా, బెజ్జమే ఇక్కడ డిజైను. కేన్‌లో పువ్వు సాగినట్టు ఇక్కడ ఖాళీ సాగుతుంది.

ఇలా లాగి చేసిన పూసలకి ఫ్రాన్సిస్ 'ఇండో-పసిఫిక్' అని పేరు పెట్టాడు. పుదుచ్చేరి దగ్గర అరికమేడు (1945లో వీలర్ తవ్వించిన చోటు) వీటికి పెద్ద కేంద్రం. క్రీస్తుకి ముందే మొదలైన పని ఇది. వెనిస్‌లో గొట్టం లాగి పూసలు చెయ్యడం 15వ శతాబ్దం చివర్లో గానీ మొదలవలేదు. పాపానాయుడుపేట పని అరికమేడు వారసత్వమేనని ఫ్రాన్సిస్ వాదన. నడుమ శతాబ్దాలని అతికించడం కష్టమే గానీ, పద్ధతుల పోలిక చూస్తే కొట్టిపారెయ్యలేం.

మరి మనవాళ్ళు గొట్టంలో పువ్వులెందుకు పెట్టలేదు? చేతకాక అని మాత్రం నేననుకోను. అడిగినవాళ్ళకి కావలసింది చిన్నవి, ఒకే రంగువి, లెక్కలేనన్ని. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు. రిక్వైర్‌మెంటే అది! క్లయింటు అడగని ఫీచర్ మనం మాత్రం పెడుతున్నామా?

ఇంకో తేడా ఉంది. మురానోలో మారియెట్టా బరోవియర్ అనే ఆవిడకి 1487లో సొంత కొలిమికి అనుమతి దొరికిన సంగతి కాగితాల్లో ఉంది. పొరలుపొరలుగా నక్షత్రం వచ్చే రొసెట్టా పూసని ఆవిడే కనిపెట్టిందని చెప్పుకుంటారు. ఇటువైపు లాడ పట్టి తొలి గొట్టం లాగినవాడి పేరు ఏ శాసనంలోనూ లేదు. వాడి సరుకు మాత్రం తూర్పు ఆఫ్రికా నుంచి జపాన్ దాకా తవ్వకాల్లో దొరుకుతోంది. ఇండోనేషియాలోని తిమోర్ వైపు 'ముటిసలా' అనే పాత ఎర్ర పూసల్ని వంశపు ఆస్తిగా దాచుకుని, పెళ్ళిళ్ళలో ఆడపిల్ల వాళ్ళకి ఇస్తారు. వాటిలో కొన్ని ఈ లాగిన గొట్టాల పూసలే.